"సిద్ధాంతాలు వద్దు, ప్రేమ చాలు" అనే సంఘంలో యూత్ లీడర్ ఏం చేయాలి?

వందనాలు బ్రదర్. మీరు పెద్దగా రాసిన ప్రశ్నను మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మీది ఇండిపెండెంట్ సంఘం, మీరు యూత్‌ని చూసుకుంటారు. ఆదివారం ప్రసంగాలన్నీ సాక్ష్యాలు, వాగ్దానాలు, ఆశీర్వాదాల చుట్టే తిరుగుతున్నాయి. మీ యూత్‌లో ఇద్దరు అబ్బాయిలు యూట్యూబ్‌లో ఎవరివో ప్రసంగాలు చూశారు. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో తీసుకున్న బాప్తిస్మం చెల్లదని నమ్మి, వేరే ఊరు వెళ్ళి "యేసు నామం"లో మళ్ళీ తీసుకున్నారు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులు, కానీ ఒకే దేవుడు అనే బోధ) మీద క్లాసు పెడతానని మీరు అడిగితే మీ పాస్టరు అయ్యగారు "సిద్ధాంతాలు సంఘాన్ని చీలుస్తాయి, మనకు ప్రేమ చాలు" అన్నారు. ఆయన్ని కాదని క్లాసు పెట్టాలా, ఊరుకోవాలా అన్నది మీ టెన్షన్.

నేను చాలా ఏళ్ళుగా సంఘ పరిచర్యలో ఉన్నాను, కొంతకాలం బైబిలు కాలేజీలో పాఠాలు కూడా చెప్పాను. ఆయన్ని కాదని క్లాసు పెట్టొద్దు. అలాగని ఊరుకోనూ వద్దు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. మీ సంఘంలో సిద్ధాంతం చెప్పడం లేదని మీరు అనుకుంటున్నారు, అయ్యగారూ అదే అనుకుంటున్నారు. కానీ ప్రతి ఆదివారం చెప్తూనే ఉన్నారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డులే తీసుకోండి. యిర్మీయా 29:11 ఎన్ని ఇళ్ళ గోడల మీద ఉందో! "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." చదివి, "ఈ సంవత్సరం నీ అప్పులు తీరతాయి, గట్టిగా ఆమెన్ చెప్పండి" అంటారు. దానికి ముందున్న పదో వచనం మాత్రం ఎవరూ చదవరు. బబులోనులో డెబ్బై ఏళ్ళు గడవాలని అక్కడ ఉంది. అది బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం, అది విన్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఇంటికి తిరిగి రాకుండానే పరదేశంలో చనిపోయి ఉంటారు. అయినా ఆ మాట వాళ్ళకు వాగ్దానమే. ఈ రెండు రకాల ప్రసంగాల వెనకా సిద్ధాంతం ఉంది. దేవుడు నా కోరికలకు బాధ్యుడు అనేది ఒకటి, తన ప్రజలను తన కాలంలో తాను నడిపిస్తాడు అనేది ఇంకొకటి. మొదటిది చెప్పేవాళ్ళకు తాము సిద్ధాంతం చెప్తున్నట్టు తెలియదు, అంతే తేడా. తెలియకుండా చెప్పేదాన్ని ఎవరూ పరీక్షించరు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు మీ ఇద్దరు అబ్బాయిల సంగతి. తప్పంతా యూట్యూబ్ మీదకు నెట్టేముందు మీ సండే స్కూల్లో త్రిత్వం గురించి ఏం చెప్పారో కనుక్కోండి. దాదాపు ఖాయంగా ఈ రెండిట్లో ఒకటి చెప్పి ఉంటారు: నీళ్ళు, మంచు, ఆవిరి, లేదా ఒకే మనిషి ఒకరికి తండ్రి, ఒకరికి కొడుకు, ఒకరికి భర్త. పిల్లలకు భలే అర్థమవుతుంది. కానీ అర్థమయ్యేది త్రిత్వం కాదు. ఒకే వ్యక్తి మూడు వేషాల్లో కనిపిస్తాడన్నది మూడో శతాబ్దంలో రోములో సబెల్లియస్ పేరు మీద తిరిగిన బోధ, సంఘం దాన్ని అప్పుడే తోసిపుచ్చింది. మళ్ళీ అది బలంగా లేచింది అమెరికాలో. 1913లో లాస్ ఏంజిల్స్ దగ్గర అరోయో సెకో క్యాంపు కూటాల్లో ఒక బోధకుడు అపొస్తలుల కార్యములలో బాప్తిస్మాలన్నీ యేసు నామంలోనే జరిగాయని చెప్పాడు. అక్కడి నుంచి రెండో బాప్తిస్మాలు మొదలయ్యాయి. తర్వాత తండ్రి, ఆత్మ అనేవి కూడా యేసుకే ఉన్న బిరుదులనే దాకా వెళ్ళింది. 1914లో పుట్టిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘాల కూటమి 1916లో త్రిత్వాన్ని స్పష్టంగా తన విశ్వాస ప్రకటనలో రాసుకుంది, నూట యాభై మందికి పైగా సేవకులు విడిపోయారు. మీ పిల్లలు ఫోన్లో విన్నది ఆ పాత బోధే. సండే స్కూల్లో ఒకే మనిషికి మూడు పాత్రలని నేర్చుకున్న పిల్లాడు, "ఆ మనిషి పేరు యేసు" అని యూట్యూబ్ బోధకుడు చెప్పగానే ఒప్పుకోవడంలో వింత ఏముంది? పునాది మనమే వేసిపెట్టాం.

అపొస్తలుల కార్యములు 2:38ను ఎలా చూడాలని కూడా అడిగారు. "యేసుక్రీస్తు నామమున" అని పేతురు అన్నది నిజమే. మత్తయి 28:19లో మూడు నామాలు చెప్పింది స్వయంగా యేసు ప్రభువే. ఇవి పోట్లాడుకునే వచనాలు కావు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదవండి. ఎఫెసులో కొందరు శిష్యులు "పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే మేము వినలేదు" అన్నట్టు జవాబిస్తే పౌలు వెంటనే అడిగిన ప్రశ్న, మరి మీరు దేనిలోకి బాప్తిస్మం పొందారు అని. ఆత్మ పేరు వినకుండా క్రైస్తవ బాప్తిస్మం ఎలా జరిగిందన్నదే ఆయన ఆశ్చర్యం. వాళ్ళది యోహాను బాప్తిస్మమని తేలింది, అప్పుడు ప్రభువైన యేసు నామమున బాప్తిస్మం పొందారు. యోహానుది కాదు, యేసుది అని వేరు చేసి చెప్పడానికి ఆ పుస్తకం రాసిన లూకా ఆ మాట వాడుతున్నాడు. నీళ్ళలో నిలబడి ఏ పదాలు పలకాలో చెప్పడం అక్కడ ఆయన ఉద్దేశం కాదు.

అయ్యగారు అన్న "ప్రేమ చాలు" అనే మాటను కొట్టిపారేయకండి, అది మీకు దొరికిన మంచి దారి. దేవుడు ప్రేమాస్వరూపి అని యోహాను రాశాడు. సృష్టి ఏమీ లేనప్పుడు ఆయన ఎవరిని ప్రేమించాడు? ఒంటరి దేవుడైతే ప్రేమించడానికి మనల్ని చేసుకోవాల్సి వచ్చింది, అంటే ఆయనకు మనం అవసరం. కానీ యోహాను 17:24లో కుమారుడు తండ్రితో "జగత్తు పునాది వేయబడక మునుపే నీవు నన్ను ప్రేమించితివి" అంటున్నాడు. తండ్రీ కుమారుడూ ఒకే వ్యక్తి వేసిన రెండు వేషాలైతే ఈ మాటకు అర్థం లేదు, సిలువకు ముందు గెత్సేమనేలో యేసు తండ్రికి చేసిన ప్రార్థన కూడా నాటకమైపోతుంది. అయ్యగారి ప్రేమకు ఆధారం త్రిత్వమే. ఈ మాట ఆయనతో చెప్పి చూడండి. వాదనలా చెప్పొద్దు, టీ తాగుతూ చెప్పండి.

చీలికల భయం గురించి. నాకు ఆ భయం అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. మన ప్రాంతంలో సంఘాలు ఎందుకు చీలాయో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమనండి. స్థలం కాగితాలు, కమిటీ ఎన్నికలు, కులం, తండ్రి తర్వాత ఏ కొడుకు పాస్టరు అవ్వాలి అనేవే ఎక్కువ. దేవుని కుమారుడు మనిషయ్యాడనే అవతార సిద్ధాంతం మీద కోర్టుకు వెళ్ళినవాళ్ళను నేను చూడలేదు. దీనికి ఎదురుగా, సిద్ధాంతాల మీద ఓపిగ్గా కూర్చుంటే ఏమవుతుందో మన దక్షిణ దేశంలోనే జరిగింది. 1919లో తరంగంబాడిలో, దోర్నకల్ బిషప్ అజరయ్యగారు ముందుండగా, ఆంగ్లికన్లు, ఇతర సంఘాల సేవకులు కలిసి మాట్లాడటం మొదలుపెట్టారు. లేఖనాలు, అపొస్తలుల, నీకయ విశ్వాస ప్రమాణాలు (సంఘం పలికే నమ్మకాల ప్రకటనలు), బాప్తిస్మం, ప్రభువు బల్ల అనే రెండు సంస్కారాలు, బిషప్ పరిచర్య, వీటి మీద ఏళ్ళ తరబడి చర్చించారు. చివరికి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ సంఘానికి తర్వాత ఎన్ని సమస్యలొచ్చినా, ఐక్యతకు దారి వేసింది సిద్ధాంత చర్చేనన్నది మాత్రం చరిత్ర.

అయితే క్లాసు ఎందుకు వద్దంటున్నాను? "త్రిత్వ సిద్ధాంతంపై ప్రత్యేక తరగతులు" అని ఫ్లెక్సీ కడితే వచ్చేది వాదించడం ఇష్టపడే ఐదారుగురే. పౌలు అలా చేయలేదు. ఆయన ఉత్తరాల్లో సిద్ధాంతం ఎక్కడ వస్తుందో గమనించండి: గొడవ దగ్గర, డబ్బు దగ్గర, చావు దగ్గర, భోజనం బల్ల దగ్గర. ఫిలిప్పీలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడటం లేదు. ఆ సంఘానికి రాస్తూనే, దేవుని స్వరూపం కలిగినవాడు దాసుని స్వరూపం ధరించుకున్నాడని, సిలువ మరణం దాకా తగ్గించుకున్నాడని రెండో అధ్యాయంలో చెప్పాడు. అవతారం గురించి బైబిల్లో అంతకంటే లోతైన భాగాలు అరుదు. మన స్త్రీల కూడికలో వచ్చే తగాదాలకు మనం ఎప్పుడైనా ఫిలిప్పీ 2 వాడామా?

డబ్బు విషయం ఇంకా విచిత్రం. యెరూషలేము బీదల కోసం కానుక అడుగుతూ పౌలు 2 కొరింథీ 8:9లో, ఆయన ధనవంతుడై ఉండి కూడా మీ నిమిత్తం దరిద్రుడయ్యాడు అంటాడు. ఇచ్చేవాడి మనసు క్రీస్తులా మారాలని ఆ మాట. అదే వచనాన్ని ఇవాళ "యేసు దరిద్రుడయ్యాడు కాబట్టి నువ్వు కోటీశ్వరుడివి కావాలి, ముందు విత్తనం వెయ్యి" అని తిప్పేశారు. కానుక పట్టేముందు రెండు నిమిషాలు ఆ అధ్యాయం చదివి, చుట్టూ ఏముందో చెప్తే చాలు. వేరే క్లాసు అక్కర్లేదు.

చావు దగ్గర కొంచెం ఆగుతాను, సంఘం సిద్ధాంతం బయటపడేది అక్కడే. ఒకసారి ఒక ఆదరణ కూడికకు వెళ్ళాను. బైక్ యాక్సిడెంట్‌లో పోయిన కుర్రాడు, ఇంటర్ పూర్తయి ఇంజినీరింగ్ సీటు కోసం చూస్తున్నాడు. వచ్చిన సేవకులు ఒకరి తర్వాత ఒకరు వాక్యం చెప్పారు. ఒకాయన దేవుడు మంచి పువ్వులనే ముందు కోసుకుంటాడన్నాడు. ఇంకొకాయన, ఈ ఇంట్లో కుటుంబ ప్రార్థన తగ్గింది, అందుకే దేవుడు మాట్లాడుతున్నాడన్నాడు. తల్లి తల ఎత్తలేదు. చివరికి ఊళ్ళో వయసులో పెద్దాయన, మైకులో పెద్దగా మాట్లాడలేని ఆయన, 1 థెస్సలొనీక 4 తీసి చదివాడు. యేసు చనిపోయి లేచాడు కాబట్టి ఈ బిడ్డ కూడా లేస్తాడు, ఆత్మగా గాలిలో తేలడం కాదు, ఇదే శరీరం మహిమతో లేస్తుంది అని నాలుగు ముక్కలు చెప్పి కూర్చోబోయాడు. ఆవిడ అప్పుడు మొదటిసారి నోరు తెరిచి, "అయితే వాడి చెయ్యి మళ్ళీ పట్టుకుంటానా అయ్యగారూ?" అని అడిగింది. "పట్టుకుంటావమ్మా" అన్నాడు. పౌలు ఆ భాగం చివర "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ఎందుకు రాశాడో ఆ రోజు అక్కడున్న అందరికీ అర్థమైంది. మన విశ్వాసుల్లో చాలామంది శరీర పునరుత్థానం అనే అంశమే వినలేదు. చనిపోతే ఆత్మ పరలోకం వెళ్తుంది, అక్కడితో కథ అయిపోయింది అనుకుంటారు. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో దాన్ని పలుకుతారు, వివరించేవాళ్ళు తక్కువ. ఇండిపెండెంట్ సంఘాల్లో పలకడం కూడా లేదు.

భోజనం బల్ల సంగతి మనవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది, అందుకే దాటేస్తారు. నీతిమంతులుగా తీర్చబడటం విశ్వాసం వల్లనే అన్న మాట గలతీయులకు రాసిన పత్రికలో మొదట ఎక్కడ వస్తుందో చూడండి: 2:16. దానికి ముందు జరిగిందేమిటి? అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటున్నాడు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే లేచి పక్కకు వెళ్ళాడు. పౌలు దాన్ని మర్యాద లోపం అనలేదు, సువార్త సత్యం చొప్పున నడవడం లేదన్నాడు. ఎవరితో కూర్చుని తింటావు అనేది రక్షణ సిద్ధాంతానికి పరీక్ష. ఇప్పుడు మన దగ్గర ఒకే ఊళ్ళో మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు. పెళ్ళి సంబంధం దగ్గర "విశ్వాసులే, కానీ..." అంటారు. ఆ "కానీ" దగ్గర ప్రసంగించకుండా రోమా పత్రిక ఎన్నిసార్లు వివరించినా పెద్దగా ఉపయోగం లేదు.

ఒంగోలు చరిత్రలో ఇదే ప్రశ్న వచ్చింది. 1866లో అక్కడ స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు పై కులాల వాళ్ళు కూడా ఆసక్తిగా వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని తేల్చి చెప్పారు. పలుకుబడి, డబ్బు, చదువు అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. క్లౌ, ఆయన భార్య ఇద్దరూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26 నుంచి కనిపించిందని ఆయన జీవితకథలో ఉంది. "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు" అన్న ఆ భాగం మీద ఆయన నిర్ణయం తీసుకున్నాడు. కొన్నేళ్ళకే 1876–78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగినా కరువు పని నడిచినంతకాలం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాళ్ళెవరో, నమ్మి వచ్చినవాళ్ళెవరో తెలియదు కాబట్టి. కరువు పని ఆగాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మన సభల్లో తెగ చెప్పుకుంటాం. అంతకు ముందు అడిగినవాళ్ళకు కూడా ఇవ్వకుండా ఆపింది బాప్తిస్మం మీద ఆయనకున్న సిద్ధాంతమని మాత్రం చెప్పుకోం.

ఒక హెచ్చరిక కూడా. మీ ఉత్తరంలో కొంచెం ఆవేశం కనిపించింది. ఈ మధ్య మన కుర్రాళ్ళు డిబేట్ వీడియోలు చూసి, గ్రీకు పదాలు రెండు నేర్చుకుని, ఇంట్లో అమ్మ ప్రార్థనలో కూడా తప్పులు పడుతున్నారు. ఇది కొత్త జబ్బు కాదు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ గురించి నిస్సాకు చెందిన గ్రెగొరీ వేళాకోళంగా చెప్పాడు: రొట్టె ధర అడిగితే తండ్రి గొప్పవాడు, కుమారుడు తక్కువవాడు అంటారు, స్నానానికి నీళ్ళు సిద్ధమా అంటే కుమారుడు శూన్యం నుంచి కలిగాడంటారు. సిద్ధాంతం తెలిసి ప్రేమ తగ్గితే అయ్యగారి భయమే నిజమవుతుంది. తీతు 2:10లో పౌలు, దాసులు తమ నమ్మకమైన ప్రవర్తనతో దేవుని ఉపదేశాన్ని అలంకరించాలన్నాడు. డిబేట్ గెలిచి అలంకరించమనలేదు.

ఇక మీరు చేయగలిగినది. అయ్యగారి దగ్గరకు వెళ్ళి, బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్ళను నేను కొన్ని వారాలు కూర్చోబెట్టుకుంటాను, మీరు కూడా వచ్చి వినండి అని అడగండి. దాదాపు ఏ పాస్టరూ కాదనడు, ఆయన పని తగ్గుతుంది. అక్కడ అపొస్తలుల విశ్వాస ప్రమాణం ఒక్కో వాక్యం చొప్పున చెప్పండి. నోటికి వచ్చేదాకా పలికించండి, తర్వాత "దీన్ని నమ్మితే సోమవారం నీ షాపులో ఏం మారుతుంది?" అని అడగండి. లూథరు 1528లో సాక్సనీ గ్రామాల సంఘాలను తిరిగి చూసి, జనానికే కాదు చాలామంది పాస్టర్లకు కూడా ఏమీ తెలియదని తల పట్టుకుని, 1529లో చిన్న కాటకిజం (ప్రశ్నలు జవాబులుగా విశ్వాసాన్ని నేర్పే పుస్తకం) రాశాడు. ఇంటి యజమాని తన ఇంటివాళ్ళకు నేర్పాలన్నది ఆయన ఆలోచన. మీరు కూడా నేర్పిన ప్రతి భాగాన్నీ తల్లిదండ్రులకు పంపండి. ఫోన్లో వీడియో వచ్చినప్పుడు పక్కనుండేది ఇంట్లోవాళ్ళే, మీరు కాదు.

పాటల మీద కూడా కన్నేయండి. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సేవకుడు, కుమారుడు సృష్టించబడినవాడే అన్న తన బోధను పాటలుగా కట్టి నావికుల నోళ్ళలో పెట్టాడు, 325లో నీకయ సభ దాన్ని ఖండించిన తర్వాత కూడా అది చాలాకాలం ఆగలేదు. పిల్లలు ప్రసంగం మర్చిపోతారు, పాట మర్చిపోరు. మీ వర్షిప్ టీమ్ పాడే పాటల్లో "నేను, నా, నాకు" తీసేస్తే ఏం మిగులుతుందో ఒకసారి రాసి చూడండి. నెలకు ఒక పాత కీర్తన, తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఉన్నది, ఎంచుకుని నేర్పితే క్లాసు కంటే ఎక్కువ పని చేస్తుంది.

చిన్న తేడాలను పెద్దవి చేయొద్దు. పసిపిల్లలకు బాప్తిస్మం, ప్రభువు బల్ల నెలకోసారా వారంవారమా, అన్య భాషల్లో మాట్లాడటం, తలమీద ముసుగు, వీటిలో మీకు గట్టి అభిప్రాయాలు ఉండొచ్చు. నాకూ ఉన్నాయి. వాటి కోసం సంఘం వదలొద్దు. యేసు ఎవరు, ఆయన సిలువ మీద ఏం చేశాడు, దేవుడు ఎలా రక్షిస్తాడు అన్న దగ్గర మాత్రం మెత్తబడొద్దు.

ఆ ఇద్దరి అబ్బాయిల ఇళ్ళకు మీరే వెళ్ళండి. వాట్సాప్ గ్రూపులో జవాబులు పెట్టొద్దు, నలుగురి ముందు ఓడిపోవడం ఇష్టంలేక ఇంకా బిగుసుకుంటారు. కూర్చుని మత్తయి 3 కలిసి చదవండి: కుమారుడు నీళ్ళలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగాడు, తండ్రి పైనుంచి మాట్లాడాడు. లేచేముందు వాళ్ళనే ప్రార్థన చేయమనండి. నూటికి తొంభై మంది "పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టి "యేసు నామంలో" అని ముగిస్తారు. ఎఫెసీ 2:18 అప్పుడు తెరవండి: ఆయన ద్వారా, ఒక్క ఆత్మయందు, తండ్రి సన్నిధికి. ఇప్పుడే మీరు చేసింది ఇదే అని చూపించండి. ఆ రోజుకు అది చాలు, ఒప్పించాలని కూర్చోవద్దు. కొన్ని నెలలు పట్టొచ్చు. తిరిగి వస్తే మీ సంఘంలో ఎవరో ఒకరు వీళ్ళకు మళ్ళీ బాప్తిస్మం ఇవ్వాలంటారు, ఒప్పుకోకండి. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో వాళ్ళు మొదట తీసుకున్నదే చెల్లుతుంది.